పొట్లం మీద అమ్రాబాద్

ఆ పురుగు అసలు పేరు ఇక్కడ రాయను. లాటిన్‌లో రెండు మాటల పేరు, నోరు తిరగదు. పుస్తకాలు దాని జాతిని మాత్ అంటాయి, మా అమ్మ దీపంపురుగు అనేది, నేనూ అలాగే అంటాను. రెక్కలు పూర్తిగా చాచినా అరచేయంత ఉండదు. ముందు రెక్కలు ఎండిన టేకాకు రంగు, వెనక రెక్కల మీద పసుపు పట్టీ, ఆ పట్టీ మధ్యలో సన్నటి తెంపు. అమ్రాబాద్ కొండల్లో దాన్ని మొట్టమొదట పట్టింది నేనేనని ఒక పత్రికలో అచ్చయి ఉంది. అది అబద్ధం. నాకు ఎనభై దాటాయి, ఇంకా దాచుకుని ఏం చేసుకోను?

1969లో అమ్మా నేనూ దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మాది నల్లగొండ వైపు పల్లె. అమ్మ అక్కడి మిషన్ దవాఖానలో ఆయాగా చేసి, ఆ జీతంతోనే నన్ను ఎమ్మెస్సీ దాకా లాక్కొచ్చింది. ఇల్లు రెండు వాటాలు, నడుమ ఒంటి ఇటుక గోడ, పెరట్లో ఇద్దరికీ ఒకటే బావి. చైతన్యపురిలో మెట్రో దిగి కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నడుస్తూ చెప్తే నా మనవరాలు నమ్మదు గానీ, అప్పుడు మా పెరటి వెనక ద్రాక్షతోటలుండేవి. ఎల్బీనగర్ అంటే తుమ్మపొదలూ, ప్లాట్లకు పాతిన హద్దురాళ్ళూ, అంతే.

రెండో వాటాలో అతనూ, అతని భార్యా. తెనాలి దగ్గరి వాళ్ళు. అతనూ నేనూ ఒకే కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటర్లం, ఇద్దరివీ టెంపరరీ ఉద్యోగాలే. ఆ వాటా ఖాళీ అయినప్పుడు ఇంటాయనతో మాట్లాడి అతనికి ఇప్పించింది నేనే. ఒకరినొకరం మాస్టారూ అని పిలుచుకునేవాళ్ళం. అతని భార్య నన్ను అన్నయ్యగారూ అనేది, అమ్మను పిన్నిగారూ అనేది. మొదట్లో ఆ గారూ వింటే అమ్మకు నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు ఆ పిలుపు గోడవతల నుంచి వినబడకపోతే అమ్మకు పొద్దుపోయేది కాదు.

మా ప్రొఫెసరు ఒక జాబితా తయారు చేయిస్తున్నాడు. రాష్ట్రంలోని కొండ అడవుల్లో ఏ దీపంపురుగు ఎక్కడ, ఎంత ఎత్తున దొరుకుతుందో రాసే జాబితా. అటు విశాఖ ఏజెన్సీ, ఇటు నల్లమల. మా డిపార్ట్‌మెంటుకు రాబోయే పర్మనెంటు పోస్టు ఒక్కటే. జాబితాలో ఎవరి పని గట్టిగా నిలబడితే పోస్టు వాళ్ళదేనని ఆయన మా ఇద్దర్నీ కూచోబెట్టి మొహాన్నే చెప్పాడు. బయటికొచ్చి ఇద్దరం ఇరానీ చాయ్ తాగాం, ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

అరవై ఎనిమిది దసరా సెలవులయ్యాక ఇద్దరం కలిసి అమ్రాబాద్ వెళ్ళాలి. అతను తెనాలి నుంచి తిరిగొచ్చిన రోజే నాకు కామెర్లు బయటపడ్డాయి. అతనొక్కడే వెళ్ళాడు. అక్కడ ఫారెస్టు గార్డు తోడు. వాగు పక్కన తెల్ల దుప్పటి కట్టి, ముందు పెట్రోమాక్స్ వెలిగించి, వచ్చి వాలినవాటిని పట్టడం పని. పన్నెండు రోజులు పట్టాడు. నేను ఉప్పులేని మజ్జిగన్నం తింటూ పచ్చటి కళ్ళతో పైకప్పు వాసాలు లెక్కపెట్టాను. నాకు రావలసింది ఎవరో ఎత్తుకుపోయినట్టు కడుపు మండింది. ఈ మంట సంగతి ముందే చెప్తున్నాను, ఎందుకంటే తరవాత నేను చేసినదాన్ని ఉద్యమం మీదికి నెట్టేయడం చాలా తేలిక.

కొత్త సంవత్సరం మొదట్లోనే ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాయి. నేనూ ఊరేగింపుల్లో నడిచాను, లాఠీ దెబ్బా తిన్నాను. మా ఉద్యోగాలు మాకు రావాలన్న మాట అప్పుడూ న్యాయమే, ఇప్పుడూ న్యాయమే. ఇక్కడి స్థానికుడని చెప్పే కాగితాన్ని ముల్కీ సర్టిఫికెట్ అనేవాళ్ళు. దొంగ ముల్కీలు పుట్టించుకుని కొలువుల్లో దూరినవాళ్ళు ఉన్నారు, మా పల్లెలో డిగ్రీలు చదివిన పిల్లలు చెట్ల కింద పేకాడుతున్నారు. జై తెలంగాణ అని గొంతు చించుకున్నందుకు నేను ఇవ్వాళా సిగ్గుపడను. కాకపోతే ఆ రోజుల్లో నాకో జబ్బు పట్టుకుంది. ఏ కాగితం చూసినా దొంగ కాగితంలా కనబడేది. బస్సులో పక్కవాడు నోరు విప్పగానే వాడి యాస పట్టి, వాడు ఎప్పుడొచ్చాడు, ఎవరి సీట్లో కూచున్నాడు అని మనసులోనే కూపీ లాగేవాణ్ణి.

కాలేజీ అద్దాలు పగలడం మొదలయ్యాక, ప్రొఫెసరు పురుగుల డబ్బాలన్నీ మా ఇంటికి చేర్చమన్నాడు. ఒక మైక్రోస్కోపు కూడా రిక్షాలో వచ్చింది. ఇల్లంతా కలరా ఉండల వాసన. ఆయనది ఒక పద్ధతి ఉండేది. పురుగును పట్టినవాడు వివరాలు రాయాలి, పట్టనివాడు అది ఏ జాతో పోల్చి, వివరాలు సరిచూసి సంతకం పెట్టాలి. ఒక్క చీటీ మీద అనుమానం తేలినా ఆ మనిషి ఆ యాత్రలో తెచ్చిన సరుకంతా కొట్టేస్తారు. అలా అతని పన్నెండు రోజుల అమ్రాబాద్ నా సంతకం కిందికి వచ్చింది.

అడవిలో పట్టిన పురుగును అక్కడే సూదికి గుచ్చరు. పాత న్యూస్‌పేపరు ముక్కను మూడు మూలల పొట్లంగా మడిచి అందులో పెడతారు, పొట్లం మీద ఊరూ ఎత్తూ తేదీ పెన్సిలుతో రాస్తారు. నెలల తరవాతైనా సరే, తడి ఇసుక పోసిన సీసాలో ఒక రోజు ఉంచితే పురుగు మెత్తబడుతుంది. అప్పుడు రెక్కలు చాచి సూదికి గుచ్చి, పొట్లం మీద రాసింది చిన్న అట్ట చీటీ మీద ఎక్కించి అదే సూదికి గుచ్చుతారు. ఇక పొట్లంతో పనుండదు. నేను విప్పిన పొట్లాలన్నీ అమ్మ పొయ్యి రాజేయడానికి పోయేవి. అవి ఏ కాగితాలో నేనెప్పుడూ చూడలేదు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం ఆ పసుపు పట్టీ పురుగు బయటపడింది. ఇలాంటి పురుగులను రెక్కలు చూసి తేల్చకూడదు. మగపురుగు తోక కొసను కాస్టిక్ పొటాష్‌లో ఉడికించి, లోపలి కొక్కేల ఆకారం మైక్రోస్కోపు కింద చూడాలి. మూడుసార్లు చూశాను. సందేహం లేదు, అదే. తెల్లదొరల కాలం నాటి లావుపాటి పుస్తకం తీస్తే, అది ఈశాన్యపు కొండల్లోనూ విశాఖ ఏజెన్సీలోనూ మూడు వేల అడుగుల పైన మాత్రమే ఉంటుందని ఉంది. అమ్రాబాద్‌కు అంత ఎత్తు లేదు. ఇది నిజంగా అమ్రాబాద్‌దే అయితే జాబితా మొత్తానికి ఇదే తలమానికం, పోస్టు అతనిదే.

అప్పుడు చూశాను పొట్లం వైపు. పైన పెన్సిలుతో అమ్రాబాద్ అనే ఉంది. కాగితం మాత్రం బెజవాడది. ఒక బట్టల కొట్టు దసరా ప్రకటన, దాని అంచున బెజవాడలో ముద్రితమన్న మాటా, సెలవుల్లోని తేదీ. అతను తెనాలిలో ఉన్న రోజులవి. అతని భార్య వాళ్ళ అన్న అరకు వైపు కాఫీ తోటల్లో గుమాస్తా అని ఆమే అమ్మతో చెప్పింది. ఇంకేం, నా బుర్రలో అంతా అతుక్కుపోయింది. పండక్కి బావమరిది వచ్చాడు, వస్తూ వస్తూ ఏజెన్సీ పురుగు తెచ్చిచ్చాడు. ఇతను దాన్ని బెజవాడ కాగితంలో చుట్టి, పైన అమ్రాబాద్ అని రాసి, మా కొండలకు అంటగట్టాడు. ముల్కీ పుట్టించినవాళ్ళకు చీటీ పుట్టించడం ఒక లెక్కా అనుకున్నాను. అసలు అతనికి ముల్కీ ఉందో లేదో, ఉంటే అది దొంగదో కాదో, నేనెప్పుడూ అడిగినవాణ్ణి కాదు.

ఆ రోజు నుంచి గోడకు చెవి ఆనించడం మొదలుపెట్టాను. చదువుకున్నవాణ్ణి, గోడ పక్కన పీట వేసుకుని కూచునేవాణ్ణి. వాళ్ళు ట్రంకుపెట్టె జరిపితే ఏం దాస్తున్నారో అనుకునేవాణ్ణి. అతను ఉత్తరం రాసుకుంటే ఎవరికో అనుకునేవాణ్ణి. ఒక సాయంత్రం ఆమె గొంతు స్పష్టంగా వినబడింది, ఆయన సంతకం అయ్యేదాకా ఎవరితోనూ అనొద్దని. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మర్నాడు బావి దగ్గర, అతను చేద లాగుతుంటే, ఆ పసుపు పట్టీది ఎక్కడ పట్టారని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"పొట్లం మీద రాశాను కదండీ. వాగు పక్కన, మూడోరోజు," అన్నాడు. తరవాత చేద వదిలేసి నా దగ్గరికొచ్చాడు. "అదేనా మాస్టారూ? కొక్కేలు చూశారా? అదేనా?"

అతని కళ్ళు మెరిసిపోయాయి. అది ఆశ అనుకున్నాను, పోస్టు మీద ఆశ. ఇంకా చూడాలని చెప్పి లోపలికి వచ్చేశాను. జేబులో పొట్లం ఉంది, తీసి చూపించలేదు. చూపిస్తే ఏదో జవాబు చెప్తాడు, ఆ జవాబు వినాలని నాకు లేదు. అమ్రాబాద్ గార్డుకు ఒక కార్డు రాసి అడిగినా సరిపోయేది. కార్డు కొన్నాను కూడా. గార్డు నిజమేనని రాస్తే ఏం చేయాలో తోచక దాని మీద చాకలి పద్దు రాశాను.

రెండు రోజులకు అతని భార్య గిన్నెలో గోంగూర పచ్చడి తెచ్చింది. అమ్మ చర్చి ఆడవాళ్ళతో ఎటో వెళ్ళింది. ఆమె గడప దగ్గరే నిలబడి అసలు మాట చెప్పింది. వాళ్ళ నాన్న వచ్చెయ్యమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడట. వీధి చివర ఇద్దరు కోస్తావాళ్ళు ఇప్పటికే లారీలు మాట్లాడుకున్నారట. ఆమెకు మూడో నెల.

"ఈయన మాత్రం జాబితా తేలేదాకా కదలనంటున్నారు అన్నయ్యగారూ. మీరు సంతకం పెడితే మేం ఇక్కడే ఉండిపోతాం," అంది.

గోడవతల నేను విన్న రహస్యం ఈ వెళ్ళిపోయే మాటేనని ఎవరికైనా అర్థమవుతుంది. నాకు కాలేదు. ఆమెను ముందు పెట్టి నన్ను మెత్తబరచాలని చూస్తున్నాడని అనుకున్నాను. పచ్చడి మాత్రం తీసుకున్నాను. బాగుందని కూడా చెప్పి పంపించాను.

ఆ రాత్రి కాదు, తెల్లారాక, కాఫీ తాగి, బాగా ఆలోచించి ఆ పని చేశాను. జాబితాలో ఆ వరుస మీద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన, 'స్థలం నమ్మదగినది కాదు' అని రాసి సంతకం పెట్టాను. పొట్లం సంగతి విడిగా ఒక కాగితం మీద రాసి జత చేశాను. ప్రొఫెసరు తన పద్ధతి ప్రకారం అతని అమ్రాబాద్ సరుకంతా కొట్టేశాడు. డెబ్బై రెండు పురుగులు. వాటిలో నేను స్వయంగా పోల్చి బాగున్నాయని మెచ్చుకున్నవే ఎక్కువ.

అతను గొడవ చేస్తాడని ఎదురుచూశాను. నాకు కావలసింది కూడా అదే, ఒక పెద్ద గొడవ. వారం తరవాత, లారీలో సామాను ఎక్కిస్తుండగా అతను మా వాటాలోకి వచ్చి, నా దగ్గర తీసుకున్న రెండు పుస్తకాలు బల్ల మీద పెట్టాడు.

"మీకు అనుమానం వస్తే కొట్టెయ్యాల్సిందే మాస్టారూ. మన పని అలాంటిది," అన్నాడు. "కానీ ఆ పొట్లం చేత్తో పట్టుకుని ఒక్కమాట నన్ను అడగాల్సింది."

ఆమె అమ్మ కాళ్ళకు దండం పెట్టబోతే అమ్మ లేపి కావలించుకుంది. లారీ ఎల్బీనగర్ బీడు దాటి పెద్ద అంబర్‌పేట్ వైపు బెజవాడ రోడ్డు పట్టింది. ఆ రోడ్డు మీద అలాంటి లారీలు ఆ నెలల్లో చాలానే పోయాయి. కొందరిని భయం తరిమింది, కొందరిని రాళ్ళు తరిమాయి. మా గోడవతలి వాళ్ళను మాత్రం నేను పంపించాను.

అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం పెడుతూ, వాళ్ళు ఏం తప్పు చేసిండ్రని అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పొట్లం తెచ్చి అమ్మ ముందు పరిచాను. ఇది బెజవాడ కాగితం, కాబట్టి ఈ పురుగు ఇక్కడిది కాదు, వాడు మోసం చేశాడని కోర్టులో ప్లీడరులా విడమర్చాను. అమ్మకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి లేచి వెళ్ళింది. వంటింటి గూట్లో పోపుడబ్బాలు ఒక్కొక్కటీ కిందికి దించి, వాటి కింద పరిచిన కాగితాలు లాగి తెచ్చి నా కంచం పక్కన పడేసింది. అన్నీ బెజవాడవే. ఒకదాని మీద అదే బట్టల కొట్టు.

"గా పిల్ల ఇచ్చింది. పచ్చడి సీసలు పగలకుండ ఆమె నాయిన కట్టలకు కట్టలు చుట్టి పంపుతడట," అంది అమ్మ. "బెజవాడ కాయితాల మీద నా డబ్బలు పెట్టుకున్న. మరి నేను గూడ బెజవాడదాన్నేనా బిడ్డ?"

కంచం పక్కకు నెట్టి ఆ కాగితాలు ఒక్కొక్కటీ తిరగేశాను. దసరాకు ఊరెళ్ళి పచ్చళ్ళు తెచ్చుకున్నవాడు, వారం తిరక్కుండా అడవికి పోతూ ఇంట్లో ఉన్న పాత కాగితాలు పట్టుకుపోయాడు. అంతే జరిగింది. కోస్తా ఇళ్ళన్నిటిలోనూ అవే కాగితాలుంటాయి, వాళ్ళ గోడ పక్కనున్న నా ఇంట్లోనూ ఉన్నాయి. పురుగుల గురించి తెలిసినవాణ్ణి, పురుగును వదిలేసి దాన్ని చుట్టిన కాగితాన్ని బట్టి దాని ఊరు నిర్ణయించాను. అప్పుడే ప్రొఫెసరు దగ్గరికి పరిగెత్తి ఉంటే ఏమో. కాగితాలు అతనివే అయినంత మాత్రాన పురుగు అమ్రాబాద్‌దే కావాలని లేదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అనుమానానికి అలాంటి ఓపిక ఉంటుంది.

కాలేజీలు తెరిచిన మరుసటేడు వానలు వెనకబట్టాక, అమ్రాబాద్ సరుకు మళ్ళీ పట్టమని ప్రొఫెసరు నన్ను పంపాడు. అదే వాగు, అదే గార్డు. దుప్పటి కట్టి దీపం వెలిగించాను. రెండో రోజే వచ్చింది. ముందొకటి, తరవాత ఇంకో మూడు, తెల్ల దుప్పటి మీద పసుపు పట్టీలు. ఆ లోయలో చల్లదనం ఎక్కువ, తడి ఎక్కువ, పైన మూడు వేల అడుగుల్లో ఉండాల్సిన పురుగు అక్కడ హాయిగా బతుకుతోంది. పుస్తకం రాసిన తెల్లదొరలు ఆ వాగు దాకా వచ్చి ఉండరు.

గార్డు నా పక్కన చుట్ట తాగుతూ చెప్పాడు. "ఆ సారు గూడ గీ బండ మీదనే కూసునేటోడు. గా పసుపుది దొరికిననాడు చిన్నపిల్లగాని లెక్క ఎగిరిండు. మా దోస్తు వస్తే బాగుండు, ఆయనకు చూపిస్తుంటి అన్నడు."

నేను వల కింద పెట్టాను. కళ్ళు తుడుచుకుంటే పొగ వల్ల అనుకుని గార్డు చుట్ట ఆర్పేశాడు.

తిరిగి రాగానే ప్రొఫెసరుకు చెప్పాను, అతను రాసింది నిజమేనని, నాదే తప్పని. ఆయన నాలుగు పురుగులనూ భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు, నా వైపు చూడలేదు. "కొట్టేసింది నువ్వే గద. గిప్పుడు గా పాతది మల్ల పెడితే నీ ఇజ్జత్ పోతది, నా ఇజ్జత్ పోతది. పాతది లేదు గనక మొదట పట్టింది నువ్వే. రాయి," అన్నాడు. నేను ఎదురు చెప్పొచ్చు. పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది, అమ్మ మందులు మొదలయ్యాయి, ఇంకా ఏవేవో కారణాలు అప్పుడు పెద్దగా కనిపించాయి. రాశాను. పత్రికలో అచ్చయింది. పోస్టు నాకే వచ్చింది. ఎవరో నన్ను తోసుకుని నా సీట్లో కూచున్నారని ఊరంతా తిరిగి అరిచినవాణ్ణి, ముప్ఫై ఏళ్ళు ఇంకొకరి సీట్లో కూచుని పెన్షన్ పుచ్చుకున్నాను.

అచ్చయిన కొన్ని నెలలకు నాకు ఒక కార్డు వచ్చింది. అతను తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆడపిల్ల పుట్టిందనీ, అప్పుడే మాటలు నేరుస్తోందనీ, పిన్నిగారిని వాళ్ళావిడ రోజూ తలుచుకుంటుందనీ రాశాడు. తరవాత, "పత్రికలో చూశాను మాస్టారూ. మీరు కూడా చూశారన్నమాట. చాలా సంతోషం. ఇక దాన్ని ఎవరూ కొట్టెయ్యలేరు," అని రాశాడు.

ఆ కార్డును ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఎక్కడో వెటకారం ఉండి తీరాలని ఒక్కో మాటా పట్టి లాగాను. ఆ 'అన్నమాట'లో ఉందా, ఆ 'సంతోషం'లో ఉందా అని వెలుతురుకు పెట్టి మరీ చూశాను. లేదు. అతను నిజంగానే సంతోషించాడు. నేను మూడుసార్లు జవాబు మొదలుపెట్టాను. మూడుసార్లూ మాస్టారూ అన్న మాట దగ్గరే కలం ఆగిపోయింది.